ముద్ర సముద్రము దాటిన కథ

కళ్లములో ధాన్యము తూర్పారబట్టి రాశి పోసిన పిమ్మట, పంపకములు జరుగువరకు ఆ రాశిమీద ముద్ర వేయు వాడుక మన పల్లెలలో ఉండెడిది. తడిమట్టిపై కొయ్యముద్ర నొత్తి యింటికి పోయినవాడు, తెల్లవారి వచ్చి మొదట చూచునది ధాన్యమును కాదు, ముద్రను. ముద్ర చెదరకున్నచో రాశి చెదరలేదని అర్థము. అక్షరము రాని పాలేరు సైతము ఆ గుర్తును చదువగలిగెడివాడు. గుర్తు చిన్నదే, దానిమీద నిలిచిన నమ్మకము మాత్రము చాల పెద్దది.

అంగడిలో మనము చేయుచున్న పనియు నిట్టిదే. సీసాలోని మందును ఏ మూలికలతో చేసిరో కొనువాడు చూడలేడు. కట్టలోని బట్ట ఎన్ని ఉతుకులకు నిలుచునో అంగడిలో తెలియదు. సంచిలోని విత్తనము సంగతి చల్లిన తరువాతగాని బయటపడదు. కావున చీటీమీది బొమ్మను చూచి, పేరును విని, మొన్న తెచ్చినదే యిది యని నమ్మి డబ్బు చెల్లించును. ఈ గుర్తునే వ్యాపార చిహ్నమనియు, వాడుకలో ట్రేడుమార్కు అనియు అందురు. ఊరిలోని గుర్తును ఊరివారు కాపాడుదురు. దేశములోని గుర్తును దేశపు చట్టము కాపాడును. మరి ఆ గుర్తు ఓడ యెక్కి పరదేశపు రేవున దిగినపుడు దానికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు సమాధానము కుదుర్చుకొనుటకు లోకమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

ముద్రకు వయస్సు చాల పెద్దది. గుజరాతులోని లోథాలు అను చోట, నాలుగువేల యేండ్లకు పూర్వపు గిడ్డంగి శిథిలములలో, సింధు నాగరికత నాటి ముద్రలొత్తిన మట్టిబిళ్లలు దొరకినవి. వాని వెనుకవైపున చాపయు, గుడ్డయు, త్రాళ్లును ఒత్తుకొన్న జాడలు కనబడుచున్నవి. అనగా మూటలు కట్టి, ముడిమీద మట్టి మెత్తి, ముద్ర వేసి పంపెడివారన్నమాట. ఆ కాలపు సింధు ముద్రలు సముద్రమున కావల మెసపొటేమియాలోని ఊర్ నగరమునందును బయల్పడినవి. సముద్రమను మాటను 'ముద్రతో గూడినది' యని విడదీసి చమత్కరించుట కలదు. మన పూర్వపు వర్తకులు ఆ చమత్కారమును నిజము చేసి చూపిరి.

ముద్ర ఎంత పాతదో, దొంగముద్రయు ఇంచుమించుగా నంత పాతదే. క్రీస్తుశకపు మొదటి శతాబ్దిలో, ఉత్తర ఇటలీయందలి మోదెనా ప్రాంతమున, అడుగున 'ఫోర్టిస్' అను పేరు అచ్చువేసిన మట్టిదీపములు తయారగుచుండెను. వానికి గిరాకి హెచ్చుటచే, రోమక సామ్రాజ్యపు నానా ప్రాంతములందలి కుమ్మరులు ఆ దీపమునే మూసగా చేసికొని, అడుగుననున్న పేరుతో సహా అచ్చు తీసిరి. నేడు త్రవ్వకములలో దొరకుచున్న ఫోర్టిస్ దీపములలో అసలు వేవియో నకళ్లు వేవియో తేల్చుట పురాతత్త్వ పండితులకు పెద్ద పనియై కూర్చున్నది.

మధ్యయుగపు ఐరోపాలో ముద్ర గౌరవచిహ్నము కాదు. తప్పు పట్టుకొనుటకు ఆధారము. ఇంగ్లండులో 13వ శతాబ్దియందే రొట్టెలు కాల్చువాడు తన రొట్టెమీద తన గుర్తు వేయవలెనని నియమము పుట్టినది. తూకము తగ్గిన రొట్టె ఎవరి పొయ్యినుండి వచ్చెనో కనుగొనుటకే ఆ యేర్పాటు. 1300లో మొదటి ఎడ్వర్డు రాజు వెండి వస్తువుల మేలిమికి చిరుతపులి తల ముద్రను విధించెను. షెఫీల్డు నగరమున కత్తులు చేయువారి సంఘము 1624లో చట్టబద్ధమై, ఒక్కొక్క పనివానికి ఒక్కొక్క గుర్తు నిచ్చి తన పుస్తకములో వ్రాసి యుంచెడిది. అయితే కాలక్రమమున నొక వింత జరిగినది. తప్పు చేసినవానిని పట్టుటకై పుట్టిన గుర్తును చూచి, తప్పు చేయనివాని సరుకును జనులు వెదకి కొన నారంభించిరి. శిక్షకొరకు వేసిన గుర్తు ఆస్తియైనది. ఆస్తి యనగానే హక్కు, హక్కు యనగానే తగవు బయలుదేరును గదా!

19వ శతాబ్దిలో పొగయోడలును రైళ్లును వచ్చి, సరుకు చేయువాడు ఒకచోటను, కొనువాడు వేయి మైళ్ల దూరమునను ఉండ నారంభించిరి. ఇరువురు మొగము చూచుకొను అవకాశము పోయినది. నడుమ నిలిచినది ముద్ర యొక్కటే. ఫ్రాన్సు 1857లోను, జర్మనీ 1874లోను, ఇంగ్లండు 1875లోను ముద్రల నమోదునకు చట్టములు చేసినవి. లండనులో నమోదు కచేరి 1876 జనవరి 1వ తేదీన తలుపులు తెరచెను. అందు మొదటి సంఖ్య పొందినది బాస్ అను బీరు కంపెనీ వారి ఎర్ర త్రికోణపు గుర్తు. 1882లో మానే అను ఫ్రెంచి చిత్రకారుడు ప్యారిసునందలి యొక పానశాలను చిత్రించినపుడు, ఆ త్రికోణము గల సీసాలు ఆ చిత్రములోనికిని ఎక్కినవి. ఇంగ్లండున నమోదైన గుర్తు ప్యారిసు బల్లమీదికి ఎంత సులువుగా చేరినదో చూడుడు. కాని దానివెంట ఇంగ్లీషు చట్టము చేరలేదు.

ఆ లోటువలన కలిగిన కష్టము సామాన్యమైనది కాదు. షెఫీల్డు పేరుతో జర్మనీలో చేసిన కత్తులు లోకమంతట అమ్ముడు పోవుచున్నవని ఇంగ్లీషువారు మొరపెట్టుకొనిరి. అందుపై 1887లో, పరదేశపు సరుకు ఇంగ్లీషు గుర్తువంటిది ధరించి వచ్చినచో అది తయారైన దేశము పేరును దానిమీద వేసి తీరవలెనని అచట చట్టము చేసిరి. 'మేడ్ ఇన్ జర్మనీ' అను మాట అట్లు పుట్టినది. కొనువారు ఏవగించుకొందురని ఇంగ్లీషువారు ఆశించిరి. జర్మనులు పనితనము పెంచుకొనుటచే, కొన్ని యేండ్లలో ఆ మాటయే మెప్పుగా మారినది. అవమానముగా వేసిన ముద్రను సైతము మంచిపని గౌరవముగా మార్చగలదనుట కిది తార్కాణము.

1873లో వియన్నాలో గొప్ప అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. తమ వస్తువులను ప్రదర్శించినచో పరులు చూచి యపహరింతురని అనేకులు జంకిరి. ఆస్ట్రియా ప్రభుత్వము ప్రదర్శకులకు తాత్కాలిక రక్షణ చట్టము నొకదానిని చేయవలసి వచ్చినది. తాత్కాలికపు చట్టముతో శాశ్వతమైన భయము తీరదు గదా యని పెద్దలు తలచిరి. సభలు జరిగినవి, చర్చలు సాగినవి. తుదకు 1883 మార్చి 20వ తేదీన ప్యారిసునందు బెల్జియము, బ్రెజిలు, ఫ్రాన్సు, గ్వాటెమాలా, ఇటలీ, నెదర్లాండ్సు, పోర్చుగలు, సాల్వడారు, సెర్బియా, స్పెయిను, స్విట్జర్లాండు అను 11 దేశములు ఒడంబడిక వ్రాసికొన్నవి. 1884 జూలై 7వ తేదీన అది అమలునకు వచ్చెను. ఇంగ్లండు ఆ యేడే చేరినది.

ప్యారిసు ఒడంబడికలోని సూత్రములు సులభములే. పొరుగుదేశపు వర్తకునికి మన వర్తకునితో సమానముగా రక్షణ ఈయవలెను, ఇది మొదటిది. ఒక దేశమున దరఖాస్తు పెట్టినవానికి తక్కిన దేశములలో పెట్టుకొనుటకు కొంత గడువుండవలెను. ఆ గడువులోపల మరియొకడు ముందు జొరబడినను, మొదటివాడే మొదటివాడు. ఇది రెండవది. ముద్రల విషయమున ఆ గడువు నేడు 6 నెలలు. 1925లో హేగ్ సభయందు మూడవ సూత్రము చేరినది: లోకప్రసిద్ధమైన ముద్రను, అచట నమోదు కాలేదను సాకుతో ఇతరుడు కాజేయరాదు.

అయినను ఒక చిక్కు మిగిలినది. పది దేశములలో రక్షణ కావలెనన్న పది దరఖాస్తులు, పది భాషలు, పదిమంది వకీళ్లు, పది రుసుములు! పది గ్రామములలో భూమి గలవాడు పదిమంది కరణముల యిండ్లు తిరిగినట్లుండెను. అందుచే 1891 ఏప్రిల్ 14వ తేదీన మాడ్రిడ్ నగరమున మరియొక ఒడంబడిక కుదిరినది. స్వదేశమున ముద్రను నమోదు చేయించుకొన్నవాడు, స్వదేశపు కచేరి మూలముగనే ఒక్క దరఖాస్తు పెట్టినచో, స్విట్జర్లాండులోని బెర్న్ నగరమందలి కార్యాలయము దానిని తన పుస్తకమున కెక్కించి, ఒడంబడికలోని దేశములన్నింటికిని తెలియజేయును. ఆ పుస్తకమున మొదటి సంఖ్య 1893లో స్విట్జర్లాండుకు చెందిన రుస్-సుషార్ అను చాకొలెట్ కంపెనీకి దక్కెను. అదే సంవత్సరమున లోంజీన్ అను గడియారముల కంపెనీ తన రెక్కల ఇసుకగడియారపు గుర్తును వ్రాయించినది. ఆ గుర్తు నేటికిని నిలిచి యున్నది.

ఒడంబడికలు ఎన్ని వచ్చినను, ముద్రమీది హక్కు ఏ దేశమునకు ఆ దేశమునందే వేరుగా నుండునను మూలసూత్రము మారలేదు. దీనికి రెండు కథలు చెప్పెదను.

ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల నడుమ షార్త్రూజ్ అను మఠము కలదు. ఆ సన్న్యాసులు మూలికలతో నొక పానీయము చేసి, మఠము పేరుతో అమ్మెడివారు. ప్రభుత్వమునకును మఠములకును కలిగిన వైరమువలన 1903లో వారిని దేశమునుండి వెడలగొట్టిరి. మఠపు ఆస్తితోపాటు ఆ పేరును సర్కారు అధికారి చేజిక్కించుకొనెను. సన్న్యాసులు రహస్యపు పాకమును మాత్రము మనస్సున దాచుకొని స్పెయినులోని తార్రగోనాకు పోయి, అచట మరల తయారు చేసిరి. ఇప్పుడు పేరొకనిది, పనితనమొకనిది! ఫ్రెంచి అధికారినుండి పేరు కొన్నవారు, పరదేశములలో గూడ పేరు తమదే యని వాదించిరి. ఇంగ్లండు పెద్ద న్యాయసభ 1910లోను, అమెరికా సుప్రీముకోర్టు 1911లోను ఆ వాదమును త్రోసివేసినవి. ఫ్రెంచి చట్టము ఫ్రాన్సులోని హక్కును తీసికొనగలదు గాని, మా దేశములలోని హక్కు సన్న్యాసులదే యని తీర్పు చెప్పినవి. దేశమునకొక హక్కుండుట ఒకప్పుడు భారమైనను, ఇచట అదియే నిరాశ్రయులను రక్షించినది.

రెండవది ఆస్పిరిను కథ. జర్మనీలోని బేయరు కంపెనీ 1899లో ఆ పేరును నమోదు చేయించెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా దిగిన పిదప, అచటి బేయరు ఆస్తియంతయు శత్రువుల ఆస్తియని జప్తయి, 1918 డిసెంబరులో వేలమునకు వచ్చినది. బేయరు అను పేరు సహా స్టెర్లింగ్ కంపెనీ పాడుకొనెను. తరువాత 1921లో అమెరికా న్యాయస్థానము, ఆస్పిరిను అనునది జనుల నోట ఆ మందునకే పేరైపోయినది గాని ఒక కంపెనీ గుర్తుగా మిగులలేదని తేల్చెను. అమెరికాలో ఎవరైనను ఆస్పిరిను అని అమ్మవచ్చును. ప్రక్కనున్న కెనడాలో మాత్రము అది నేటికిని బేయరువారి సొంతపేరు. అమెరికాలో తన పేరును తాను మరల సంపాదించుకొనుటకు బేయరు కంపెనీకి 1994వరకు పట్టినది; అందులకై జరిగిన కొనుగోలు 100 కోట్ల డాలర్లు. ఒక సరిహద్దుగీత కటునిటు ఒకే మాట ఒకచోట సొత్తు, ఒకచోట ఊరుమ్మడి!

ఇక మన సంగతి. బెర్న్ పుస్తకమున మొదటి సంఖ్య పడిన 1893లోనే, కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. ఆ మందు గడించిన ధనముతో ఆంధ్రపత్రిక పుట్టినది. ఎన్నో గ్రంథములు వెలసినవి. ఒక చిన్న సీసామీది పేరు, ఒక జాతి సాహిత్యమునకు పోషకురాలైనది. ఐనను ఆ కాలమున మన దేశమున ముద్రలను నమోదు చేయు పుస్తకమే లేదు. 1860 నాటి శిక్షాస్మృతియు, 1889 నాటి సరుకు గుర్తుల చట్టమును దొంగముద్ర వేసినవానిని శిక్షింపగలవు గాని, ముద్ర నాదని ముందుగా వ్రాయించుకొను మార్గము చూపలేదు. వర్తకులు రిజిస్ట్రారు కచేరిలో ప్రకటన పత్రము దాఖలు చేసికొనియు, పత్రికలలో హెచ్చరికలు వేయించియు కాలము గడపిరి. 1940లో ట్రేడుమార్కుల చట్టము పుట్టి, 1942 జూన్ 1వ తేదీనుండి అమలైనది. తరువాత 1958 చట్టము, దానికి మారుగా 1999 చట్టము వచ్చినవి.

చట్టము ఎవరిని దృష్టిలో నుంచుకొని నడువవలెనో మన సుప్రీముకోర్టు 1962లో చక్కగా చెప్పినది. అమృతధార యను మందు 1901నుండి అమ్ముడగుచుండగా, లక్ష్మణధార యని మరియొకరు నమోదు కోరిరి. రెండు పేరులను ప్రక్కప్రక్కన బెట్టి అక్షరమక్షరము పోల్చు పండితునికి భేదము తెలియవచ్చును. అయితే మందు కొనువాడు పండితుడే కానక్కరలేదు. పల్లెవాడును పట్నవాసియు, చదివినవాడును చదువనివాడును కొనును; తొందరలో కొనును; సగము జ్ఞాపకముతో కొనును. అట్టివాడు భ్రమపడునా యని చూడవలెనే గాని, పదవిభాగము చేసి చూడరాదని న్యాయస్థానము భావించెను. లక్ష్మణధార చిరకాలముగ ఉత్తరప్రదేశమున నడచుచున్నందున, అమృతధారవారు తెలిసియు మిన్నకున్నందున, ఆ రాష్ట్రమువరకు మాత్రము దానికి అనుమతి దొరకెను. కనుక, హక్కు గలవాడు ఊరకుండిన హక్కు తరుగునను పాఠము గూడ ఆ తీర్పులో నున్నది.

అంతర్జాతీయ ఒడంబడికలలో మన దేశము ఆలస్యముగా చేరినది. ఔషధముల పేటెంట్ల విషయమున మన చేతులు కట్టివేయబడునను శంక ప్రధాన కారణము. 1998 డిసెంబరు 7వ తేదీన ప్యారిసు ఒడంబడికలో ప్రవేశించినది. మాడ్రిడ్ ఒడంబడికయు ఈలోగా మారినది. స్వదేశమున నమోదు పూర్తియైతే గాని దరఖాస్తు లేదనుట, ఫ్రెంచిభాష తప్పనిసరి యగుట మొదలగు నిబంధనలు ఇంగ్లండు, అమెరికా, జపాను వంటి దేశములను దూరముగ నుంచినవి. అందుచే 1989లో మాడ్రిడ్ ప్రోటోకోలు అను క్రొత్త ఒప్పందము వ్రాయబడి, 1996 ఏప్రిల్ 1నుండి పని ప్రారంభించెను. జపాను 2000లోను, అమెరికా 2003లోను చేరినవి. భారతదేశమునకు 2013 జూలై 8వ తేదీనుండి అది వర్తించినది. రుస్-సుషార్ వారికి తెరచిన తలుపు అమృతాంజనపు దేశమునకు తెరచుకొనుటకు సరిగా 120 సంవత్సరములు పట్టెను.

నేడు పద్ధతి యిది. మన దేశమున దరఖాస్తో నమోదో గలవాడు, మన ట్రేడుమార్కు కచేరి ద్వారా, తనకు కావలసిన దేశముల పేరులు చూపి ఒక్క దరఖాస్తు పెట్టును. మన కచేరి సరిచూచి జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థకు పంపును. బెర్న్ కార్యాలయపు వారసత్వము 1960నుండి ఆ నగరమునకు మారినది. రుసుము స్విస్ ఫ్రాంకులలో చెల్లించవలెను. ఆ సంస్థ పుస్తకమున కెక్కించి, ప్రకటించి, ఆయా దేశములకు తెలుపును. ప్రతి దేశమును తన చట్టము ననుసరించి పరీక్షించును. కాదనదలచిన 12 నెలలలో, కొన్ని దేశములైనచో 18 నెలలలో చెప్పవలెను. చెప్పకున్న రక్షణ లభించినట్లే. పదేండ్ల కొకసారి మరల రుసుము కట్టి నిలుపుకొనవచ్చును.

ఇందొక జాగ్రత్త కలదు. మొదటి 5 సంవత్సరములును ఆ కొమ్మలన్నియు స్వదేశపు మ్రానునే ఆధారపడి యుండును. స్వదేశమున నమోదు కొట్టివేయబడినచో పరదేశములలోనిదియు దానివెంటనే పోవును. అప్పుడు 3 నెలలలోపల ఆయా దేశములలో విడివిడిగా దరఖాస్తులు పెట్టుకొని పాత తేదీని దక్కించుకొనవచ్చును. కావున బయటికి పోవువాడు ముందు ఇంటి పునాది చూచుకొనవలెను. వీనినన్నింటిని కలిపి లోకమంతటికిని చెల్లు ఒకే ముద్ర యొకటి ఉన్నదని ఎవరైన చెప్పి డబ్బడిగినచో నమ్మరాదు. ఉన్నది ఒకే దరఖాస్తు. హక్కులు మాత్రము దేశమున కొకటి.

ఇదంతయు కంపెనీల గొడవ, పల్లెలకేమి యని పెద్దలు తలంపవచ్చును. పోచంపల్లి ఇక్కతుకును, కొండపల్లి బొమ్మకును, బంగినపల్లి మామిడికిని ఊరి పేరే ముద్ర. వానికి మన దేశమున భౌగోళిక గుర్తింపు లభించినది. కాని ఆ గుర్తింపు మన చట్టపు టెల్లతోనే ఆగును. ఆ సరుకు సముద్రము దాటినపుడు, అచటి చట్టప్రకారము అచట రక్షణ వెదకుకొనవలెను. నేతగాండ్ర సంఘము తన సమష్టి ముద్రను మాడ్రిడ్ మార్గమున పంపుకొనుట అందొక యుపాయము. అనేక దేశములలో ముందు వ్రాయించుకొన్నవానిదే హక్కు. సరుకు కొనుగోలు చేసి తీసికొని పోవు దళారి, ఆ దేశమున ఆ పేరును తన పేరనే వ్రాయించుకొన్నచో, కంచెయే చేను మేసినట్లగును. సరుకును ఎగుమతి చేయకమునుపే పేరు సంగతి చూచుకొండని మీ కుమారులకును మనుమలకును చెప్పవలసినవారు మీరే.

తుదకొక్క మాట. చట్టము ముద్రను కాపాడును. ముద్రమీది నమ్మకమును కాపాడునది చేయువాని చేయి. కళ్లములో రాశినిండ తాలు పోసి ముద్ర వేసినచో, ఉదయమునకు ముద్ర చెదరకపోవచ్చును. కాని తాలు ధాన్యము కాదు. జెనీవా పుస్తకమునకైనను మన కళ్లమునకైనను న్యాయ మొక్కటే. ముందు రాశి మంచిది కావలెను. పిదప ముద్ర చెదరకుండ చూచుకొనవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను, నష్టపోవునది మనలను నమ్మి దూరదేశమున డబ్బు చెల్లించిన ముక్కుమొగ మెరుగని కొనుగోలుదారు. అతని వెనుకనే, మగ్గముకడను మామిడితోటలోను చెమటోడ్చిన మనవాడు.